డొమైన్ పేరును రెగెక్స్ తేల్చగలదా?

వాది: డొమైన్ పేర్లను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో, అంటే రెగెక్స్‌తో, సరిచూడకూడదన్న మాట ప్రోగ్రామర్లలో బాగా పాతుకుపోయింది. హెచ్‌టీఎంఎల్‌ను రెగెక్స్‌తో చదవొద్దన్న హెచ్చరికను పెద్దగా ఆలోచించకుండా ఇక్కడికీ తెచ్చారని నా అనుమానం. ఆ రెండూ ఒకటి కావు. హెచ్‌టీఎంఎల్‌లో ఒక ట్యాగు కడుపులో మరొకటి, దానిలో ఇంకొకటి ఎంత లోతుకైనా పోవచ్చు. ఆ లోతును లెక్కపెట్టే శక్తి రెగ్యులర్ భాషలకు లేదు. డొమైన్ పేరులో లోతు అన్నదే లేదు. చుక్కలతో విడిపోయిన లేబుళ్లు, వాటిలో అక్షరాలు, అంకెలు, హైఫన్లు, అంతే. హైఫన్ లేబుల్ మొదట్లోగానీ చివరగానీ రాకూడదు. లేబుల్ 63 అక్షరాలు దాటకూడదు, మొత్తం పేరు 253 దాటకూడదు. ఇవి ఎవరికో తోచిన అంకెలు కావు. 1987 నాటి ఇంటర్నెట్ ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 1035 ప్రకారం ప్రతి లేబుల్‌కు ముందు దాని పొడవు చెప్పే బైటు ఒకటి వెళ్తుంది. అందులో పై రెండు బిట్లను పేర్లను కుదించే పనికి వాడుకున్నారు. మిగిలిన ఆరు బిట్లలో పట్టే పెద్ద సంఖ్య 63. మొత్తం పేరుకు ఇచ్చిన చోటు 255 బైట్లు. అందులో మొదటి పొడవు బైటు, చివరి సున్నా పోతే కంటికి కనిపించేది 253. నిడివికి హద్దున్న పేర్ల సమూహం ఎంత పెద్దదైనా పరిమితమే, పరిమితమైన ప్రతి సమూహమూ రెగ్యులరే. సిద్ధాంతం ఒప్పుకుంటోంది, ఆచరణలో ఒక్క వరుసలో రాయగలుగుతున్నాం. ఇక వద్దనడానికి కారణమేమిటి?

ప్రతివాది: మీరు చెప్పిన నియమాలన్నీ నిజమే. కానీ పొడవు హద్దులు తప్ప మిగిలినవి డొమైన్ పేర్లవి కావు, హోస్టు పేర్లవి. ఆ రెండింటినీ కలిపేయడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. 1985 నాటి ఆర్‌ఎఫ్‌సీ 952 హోస్టు పేరు అక్షరంతోనే మొదలవ్వాలంది. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1123 ఆ పట్టు సడలించి అంకెతోనూ మొదలుకావచ్చంది. త్రీకామ్ కంపెనీ డొమైన్ 3 అంకెతో మొదలయ్యేది కదా, పాత నియమం పట్టుకు వేలాడిన ప్రోగ్రామ్‌కు అది చెల్లని పేరు. 1997లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2181 ఇంకా తేటగా చెప్పింది: పేర్లను చిరునామాలతో కలిపే డీఎన్‌ఎస్ తనంతట తానుగా పెట్టే హద్దు పొడవు ఒక్కటే, లేబుల్‌లో ఏ బైట్లయినా ఉండొచ్చు. ఇది పుస్తకాల్లో మిగిలిపోయిన వెసులుబాటు కాదు. మీ సంస్థ పేరుతో దొంగ ఈమెయిళ్లు పోకుండా డీమార్క్ రికార్డు పెట్టాలంటే ఆ పేరు అండర్‌స్కోర్‌తోనే మొదలవ్వాలి. సేవల చిరునామాలు చెప్పే ఎస్‌ఆర్‌వీ రికార్డులూ అంతే. డీఎన్‌ఎస్ రికార్డులు నింపే ఫారానికి మీ రెగెక్స్ కాపలా పెడితే, మోసాన్ని ఆపే రికార్డే లోపలికి రాదు. పేరు చివర చుక్క పెడితే అది సంపూర్ణ నామమని డీఎన్‌ఎస్‌లో అర్థం, దాన్నీ చాలా రెగెక్స్‌లు తిప్పికొడతాయి. లేబుల్‌లో మూడు, నాలుగు స్థానాల్లో హైఫన్లు రాకూడదని కొందరు మరో ముడి వేస్తారు. యూట్యూబ్ వీడియోలను పంపే గూగుల్ సర్వర్ల పేర్లలో సరిగ్గా ఆ స్థానాల్లో హైఫన్లున్నవి ఉన్నాయి. ఆ ముడి వేసిన ప్రోగ్రామ్‌లో ఆ వీడియో చిరునామాలు చెల్లవు.

వాది: ఒప్పుకుంటాను. ఏ పేరు అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి. కానీ ఆ తేడా నా వాదాన్ని పడగొట్టదు, పదును పెడుతుంది. డీఎన్‌ఎస్ రికార్డుకు ఒక నమూనా, హోస్టు పేరుకు ఒకటి, భద్రతా సర్టిఫికెట్‌లో చేరే పేరుకు ఇంకొకటి. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు, బ్రౌజర్ తయారీదారులు కలిసి నడిపే వేదిక అండర్‌స్కోర్ ఉన్న పేర్లకు సర్టిఫికెట్లు ఇవ్వడాన్ని 2019 నాటికి పూర్తిగా ఆపించింది. అంటే ఒకచోట తప్పనిసరైన గుర్తు మరోచోట నిషిద్ధం. ఇలాంటి తేడాను చదివే మనిషికి ఒక్క చూపులో తెలిసేలా రాయగలిగేది రెగెక్సే. పదిహేను వరుసల లూపులో దాగిన షరతుకంటే అది నిజాయతీగా కనిపిస్తుంది. హెచ్‌టీఎంఎల్ ప్రమాణమే ఈమెయిల్ గడి కోసం ఒక రెగెక్స్‌ను అచ్చువేసింది, దాని డొమైన్ భాగంలో 63 అక్షరాల హద్దు ఉంది. ఈమెయిల్ అసలు ప్రమాణాన్ని తెలిసే ఉల్లంఘిస్తున్నామని కూడా ఆ ప్రమాణకర్తలు అక్కడే రాశారు. అసలు ప్రమాణం వ్యాఖ్యలనూ కోట్ గుర్తులనూ అనుమతిస్తుంది, ఫారం నింపే మనిషికి అవేవీ అక్కర్లేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది భద్రత. వాడుకరి ఇచ్చిన పేరు అక్కడితో ఆగదు. అది ఒక షెల్ ఆదేశంలోకి పోతుంది, ఈమెయిల్ శీర్షికలోకి పోతుంది, డేటాబేసులోకీ లాగ్‌లోకీ పోతుంది. గడప దగ్గరే అక్షరాలు, అంకెలు, హైఫన్, చుక్క తప్ప మరేదీ రానివ్వకపోతే సెమికోలన్లు, కోట్ గుర్తులు, కొత్త వరుసలు, ఖాళీలు అన్నీ అక్కడే ఆగిపోతాయి. తర్వాతి మెట్టులో ఎవరో ఏమరుపాటు పడినా నష్టం తగ్గుతుంది. పనిచేసే వ్యవస్థల్లో ఏమరుపాటు ఉండి తీరుతుంది కనుక ఈ కాపలాను నేను వదులుకోలేను.

ప్రతివాది: ఆ లక్ష్యం మీద నాకు పేచీ లేదు. ఆ కాపలాదారు చరిత్ర చూద్దాం. 2015 జులైలో, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే జాంగో ఒక భద్రతా సవరణ విడుదల చేసింది. దాని సరిచూపు రెగెక్స్‌లు డాలర్ గుర్తుతో ముగిసేవి. డాలర్ అంటే పాఠం చివర అని అందరూ అనుకుంటారు. పైథాన్‌లో అది చివరి కొత్త వరుసకు ముందు కూడా సరిపోతుంది. ఫలితంగా చివర కొత్త వరుస అంటించుకున్న విలువ సరైనదిగా లోపలికి వచ్చి, శీర్షికల్లో అదనపు వరుసలు చొప్పించే దారి ఏర్పడింది. మీరు ఇందాక ఆపుతామన్న గుర్తే అది. రూబీలో డాలర్ గుర్తు ప్రతి వరుస చివరా సరిపోతుంది, అక్కడ ప్రమాదం ఇంకా ఎక్కువ. చుక్క సంగతి చూడండి. రెగెక్స్‌లో చుక్క అంటే ఏ అక్షరమైనా. దాని ముందు వెనక్కి వాలిన గీత పెట్టడం మరిచిపోతే, మీ సంస్థ డొమైన్ పేరులో చుక్క ఉన్న చోట ఇంకేదో అక్షరం పెట్టి కొనుక్కున్నవాడు నమ్మదగిన చిరునామాల జాబితాలో చేరిపోతాడు. మొదట్లో లంగరు వేయకపోతే మీ పేరుకు ముందు నాలుగు అక్షరాలు అతికించి కొన్నవాడికీ తలుపు తెరుచుకుంటుంది. ఈ తప్పులేవీ పరీక్షల్లో పట్టుబడవు, ఎందుకంటే సరైన పేర్లన్నీ సరిగ్గానే దాటుతాయి.

దీనికి తోడు కాలం ఖరీదు ఉంది. వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ ప్రయత్నించే ఇంజిన్లలో, సరిపోయీ సరిపోని ఇన్‌పుట్ దొరికితే ప్రయత్నాల సంఖ్య కొండలా పెరుగుతుంది. 2023 జులైలో జాంగోలోనే ఈమెయిల్, యూఆర్‌ఎల్ సరిచూపులకు ఈ లోపం బయటపడింది. దాడి పద్ధతి మన చర్చకు నేరుగా సంబంధించినదే: డొమైన్ పేరులో లెక్కలేనన్ని లేబుళ్లు పెట్టి పంపడం. కాపలాదారుణ్ణే పని చేయలేనంతగా అలసిపోయేలా చేయొచ్చన్నమాట.

వాది: మీరు చెప్పినవన్నీ జరిగాయి. కానీ ప్రతిచోటా తప్పు రాసిన చేతిదీ, ఎంచుకున్న ఇంజిన్‌దీ. 2019 జులై 2న ఒక్క రెగెక్స్ వల్ల వెబ్‌సైట్లను వేగంగా, భద్రంగా అందించే సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ దాదాపు అరగంట స్తంభించింది. ఆ తర్వాత ఆ సంస్థ రెగెక్స్‌లను మానేయలేదు, కాలానికి హామీ ఇచ్చే ఇంజిన్‌కు మారాలని నిర్ణయించుకుంది. అలాంటి ఇంజిన్ ఎలా రాయాలో 1968లోనే కెన్ థాంప్సన్ చూపించారు. గూగుల్ ఆర్‌ఈ2, గో భాషలోని రెగెక్స్ ఆ దారిలోనివే, ఇన్‌పుట్ ఎంత పొడవుంటే అంత కాలమే తీసుకుంటాయి. పేరు 253 దాటితే రెగెక్స్ దగ్గరికే పోనివ్వకపోవడం ఇంకా తేలిక. 2023లో జాంగో వేసిన మందు కూడా పొడవుకు హద్దు పెట్టడమే. చుక్కల దగ్గర విడదీసి ఒక్కో లేబుల్‌ను లూపులో చూడండని మీరంటే, ఆ లూపులోనూ ఖాళీ లేబుల్‌ను మరిచిపోవచ్చు, చివరి చుక్కను మరిచిపోవచ్చు. తప్పు చేసే మనిషి చేతికి వేరే పనిముట్టు ఇచ్చినంత మాత్రాన తప్పులు ఆగవు.

ప్రతివాది: సరే, చేయి తిరిగినవాళ్లు సరిగ్గా రాశారనే అనుకుందాం. అసలు తగాదా అప్పుడే మొదలవుతుంది. రెగెక్స్ రాసేవాడు పేరు ఆకారాన్ని మాత్రమే రాస్తున్నానని అనుకుంటాడు. నిజానికి తను చూసిన పేర్ల ఆకారాన్ని రాస్తాడు. చివరి లేబుల్‌నే తీసుకోండి. తొంభైలలో మామూలుగా కనిపించేది రెండు లేదా మూడు అక్షరాలే: కామ్, నెట్, ఇన్. కాబట్టి రెండు నుంచి మూడు అని రాశారు. 2000 నవంబరులో డొమైన్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ ఏడు కొత్త పేర్లను ఎంపిక చేసింది, వాటిలో నాలుగక్షరాల ఇన్ఫో ఉంది, ఆరక్షరాల మ్యూజియం ఉంది. రెండు నుంచి నాలుగన్నారు, తర్వాత ఆరన్నారు. ఇలాంటి లెక్కలు జనాన్ని ఇబ్బంది పెడుతున్నాయని జాన్ క్లెన్సిన్ 2004లోనే ఆర్‌ఎఫ్‌సీ 3696 రాశారు. 2012లో ఐకాన్ కొత్త పేర్లకు తలుపు తెరిస్తే 1930 దరఖాస్తులు వచ్చాయి. ఫొటోగ్రఫీ, ఇంటర్నేషనల్ లాంటి పొడుగు పేర్లు దిగాయి. పోయిన పేర్లూ ఉన్నాయి, యుగోస్లావియాకు చెందిన వైయూను 2010లో తొలగించారు.

మనకు నేరుగా తగిలేది 2011లో జరిగింది. భారతదేశానికి ఏడు లిపుల్లో దేశ సంకేతాలు ఇచ్చారు, వాటిలో తెలుగు లిపిలోని డాట్ భారత్ ఒకటి. డీఎన్‌ఎస్‌లో దాని రూపం ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చిన పదమూడు గుర్తుల వరుస. ఆ వరుసలో రెండు హైఫన్లున్నాయి, 9, 3 అనే అంకెలున్నాయి. చివరి లేబుల్‌లో అక్షరాలే ఉండాలన్న రెగెక్స్, పొడవుకు హద్దేమీ పెట్టకపోయినా, దీన్ని తోసేస్తుంది. తెలుగులోనే రాసిన రూపం ఇస్తే మరో గోడ. యూనికోడ్ తెలుసని చెప్పుకొనే రెగెక్స్ ‘ఏ భాష అక్షరమైనా’ అని రాస్తుంది. భారత్ అన్న మాటలో భ, ర, త అక్షరాలు. మధ్యలోని దీర్ఘం, చివరి పొల్లు యూనికోడ్ దృష్టిలో అక్షరాలు కావు, చేరిక గుర్తులు. పైథాన్ ప్రామాణిక రెగెక్స్‌లో పదాక్షరాల సంకేతం వాడితే ఆ పోలిక భ దగ్గరే ఆగిపోతుంది. మన రాతలో గుణింతమూ వత్తూ లేని మాట ఎన్ని దొరుకుతాయి? ఫ్రెంచివారికీ రష్యన్లకూ బాగానే పనిచేసిన సూత్రం మన దగ్గర మొదటి దీర్ఘానికే చతికిలబడుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. తెలుగు మాట ఒక్కటైనా పరీక్షల్లో పెట్టాలని ఎవరికీ తట్టలేదు, అంతే.

వాది: చివరి లేబుల్ పొడవు గురించి వాదించను. అది నేటి జాబితాను వ్యాకరణమని రాసుకోవడం, దాన్ని తీసేయాల్సిందే. అన్నీ అంకెలే కాకూడదన్న షరతు ఒక్కటి చాలు.

ప్రతివాది: అదీ చాలదు. 127.1 అని రాస్తే చాలా వ్యవస్థలు దాన్ని 127.0.0.1గా, అంటే అదే యంత్రంగా చదువుతాయి. మీ షరతు దాన్ని ఆపుతుంది, నిజమే. చివరి 1ని షోడశాంశ పద్ధతిలో, సున్నా పక్కన ఎక్స్ చేర్చి రాస్తే అందులో అక్షరం వచ్చేసింది కనుక మీ రెగెక్స్ దాటుతుంది, బ్రౌజర్ మాత్రం దాన్ని ఐపీ చిరునామాగానే చదువుతుంది. బయటి సర్వర్‌కు వెళ్తున్నాననుకున్న ప్రోగ్రామ్ తన ఇంట్లోకే తిరిగొస్తుంది.

వాది: అయితే ఆ రూపాన్నీ నమూనాలో చేర్చి ఆపుతాను. కానీ మీరు దాటవేస్తున్న ప్రశ్న ఒకటుంది. రెగెక్స్ వద్దంటే మరేమిటి? చాలామంది చెప్పే జవాబు డీఎన్‌ఎస్‌ను అడగమని. పేరు ఉందో లేదో అదే చెబుతుందట. ఉండటం వేరు, సరిగా ఉండటం వేరు. రేపు కొనబోయే పేరు ఈరోజు డీఎన్‌ఎస్‌లో ఉండదు, అంతమాత్రాన అది తప్పు పేరు కాదు. నెట్‌వర్క్ కాసేపు తడబడితే సరైన పేరు చెల్లదంటామా? పేరును అడిగే ప్రతిసారీ మన సర్వర్ బయటికి ఒక ప్రశ్న పంపుతుంది, ఆ ప్రశ్నలు ఎటు పోవాలో దాడి చేసేవాడు నిర్ణయిస్తాడు. సరిచూసినప్పుడు ఒక చిరునామా, వాడబోయేటప్పుడు ఇంకొకటి వచ్చేలా చేయడం పాత ఎత్తే. అదీగాక, తెలుగు పేర్ల విషయంలో మీరు రెగెక్స్‌ను తక్కువ అంచనా వేస్తున్నారు. హల్లు, దానికి పొల్లు, మళ్లీ హల్లు, చివర ఒక గుణింతం గుర్తు, ఆపైన సున్నా లేదా విసర్గ: మన అక్షరం కట్టుబడే తీరే ఒక రెగ్యులర్ నమూనా. రూట్ జోన్‌లో మన లిపుల పేర్లకు నియమాలు రాసిన నియో బ్రాహ్మీ బృందం ఏ గుర్తు వేటి తర్వాత రావచ్చో ఇలాంటి నియమాలుగానే పెట్టింది. గాలిలో వేలాడే గుణింతాన్నీ, రెండు పొల్లులు వరుసగా రావడాన్నీ ఆపేది అలాంటి నమూనాయే.

నిర్లక్ష్యంగా తలుపు తెరిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2017లో ఒక భద్రతా పరిశోధకుడు అచ్చంగా ఆపిల్ పేరులా కనిపించే డొమైన్‌ను పూర్తిగా సిరిలిక్ అక్షరాలతో నమోదు చేసి చూపించారు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లలో కంటికి తేడా తెలియలేదు. తెలుగు, కన్నడ లిపుల్లో ఒకేలా కనిపించే అక్షరాలు ఎన్నో ఉన్నాయి. బ్యాంకు వినియోగదారుడు మోసపోయినప్పుడు భాషాభిమానం అతనికి డబ్బు తిరిగివ్వదు.

ప్రతివాది: డీఎన్‌ఎస్ గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లూ నిజం. రెగెక్స్‌కు బదులుగా దాన్ని నేను ఎప్పుడూ ప్రతిపాదించను. పోలిక మోసాల మాట వేరు. సున్నా అంకెనూ ‘ఓ’ అక్షరాన్నీ తారుమారు చేసే మోసం ఇంగ్లిష్ లిపిలోనే నడుస్తోంది, మీ నమూనా వాటిని చక్కగా దాటనిస్తుంది. ఒకేలా కనిపించే గుర్తుల పట్టికలతో, లేబుల్‌లో లిపులు కలిశాయో లేదో చూసే పరీక్షతో చేయాల్సిన పని అది. ఒక భాషను మొత్తం బయట నిలబెడితే ఆ పని జరిగినట్టు కాదు.

అక్షర నమూనా గురించి మీ వాదం బలమైనది, నన్ను ఆలోచింపజేసింది. అయితే అది ఎక్కడ తెగుతుందో చూడండి. 63 హద్దు తెలుగు రూపానికి కాదు, మార్చిన రూపానికి. తెలుగులో ఇన్ని గుర్తులుంటే మార్పు తర్వాత ఎన్నవుతాయో మీ రెగెక్స్ లెక్కించలేదు, 2003 నాటి ప్యూనీకోడ్ పద్ధతిని నడిపితేనే తెలుస్తుంది. ఇక ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాట. ‘ట’ పొల్లు విడిగా నిలిచి, ‘వ’ దాని కింద వత్తుగా మారకుండా ఉండటానికి మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది. తెలుగు కీబోర్డు వాడేవాళ్లలో చాలామంది తెలిసో తెలియకో దాన్ని టైపు చేస్తారు. ఇతర లిపుల డొమైన్ పేర్లను మార్చే 2003 నాటి ఐడీఎన్‌ఏ నియమాలు ఆ గుర్తును చడీచప్పుడు లేకుండా తీసేస్తాయి. 2010లో వచ్చిన ఐడీఎన్‌ఏ 2008 నియమాలు పొల్లు తర్వాత వస్తే దాన్ని ఉంచుతాయి. పైథాన్‌తో వచ్చే ప్రామాణిక మార్పిడి పాత నియమాలదే. క్రోమ్ 2023 దాకా పాత బాటలోనే నడిచింది. కాబట్టి ఒకే మాటను రెండు ప్రోగ్రామ్‌లు రెండు వేర్వేరు డొమైన్లుగా మారుస్తాయి. రెండింటినీ మీ రెగెక్స్ సరైనవేనంటుంది, ఎందుకంటే ఆకారంలో రెండూ నిర్దోషాలే. లోపలికి వచ్చిన పేరు మనిషి రాసిన పేరేనా అన్నది అది చూడదు.

వాది: దానికి మందుంది. మార్చిన రూపాన్ని వెనక్కి తిప్పి మనిషి రాసినదానితో పోల్చండి. తేడా వస్తే ఆపి అడగండి. ఆ పోలిక రెగెక్స్ చేయదని ఒప్పుకుంటాను. ముందు యూనికోడ్ రూపాన్ని ఏకరీతిగా సర్దాలి, తర్వాత మార్చాలి, పోల్చాలి, పొడవు చూడాలి, అప్పుడు రెగెక్స్. వరుసలో దాని స్థానం చివరికి జరిగింది. కానీ ఆ చివరి మెట్టు దగ్గర కాదనే అధికారం దానికి ఉండాలి. సర్టిఫికెట్ ఇచ్చే వ్యవస్థలోనో, సర్వర్‌కు ఆదేశం పంపే చోటనో ‘బహుశా సరైనదే’ అన్న జవాబుకు తావు లేదు.

ప్రతివాది: అలాంటి చోట్ల ఉండనివ్వండి. నా అభ్యంతరం మనిషి ఎదురుగా ఉన్న గడి దగ్గర. తప్పు పేరును రానిస్తే ఆ తప్పు ఎక్కడో బయటపడుతుంది: ఈమెయిల్ తిరిగొస్తుంది, కనెక్షన్ విఫలమవుతుంది, లాగ్‌లో ఒక వరుస పడుతుంది. సరైన పేరును తోసేస్తే ఏ జాడా మిగలదు. ‘చెల్లని చిరునామా’ అన్న ఎర్ర అక్షరాలు చూసి ఆ మనిషి తన పేరే తప్పనుకుని వెళ్లిపోతాడు. మన దగ్గరికి వచ్చే లెక్కల్లో అతను ఉండడు. అందుకే ఇరవై ఏళ్ల కిందటి రెగెక్స్‌లు ఇంకా బతికే ఉన్నాయి, వాటి వల్ల నష్టపోయినవాళ్లు ఫిర్యాదు చేసేదాకా రాలేదు కనుక. గడి దగ్గర హెచ్చరించండి, అదే పేరు మళ్లీ ఇస్తే తీసుకోండి.

వాది: హెచ్చరికను జనం చదవకుండానే దాటేస్తారు. ఒక్క అక్షరం జారి చెల్లుబాటయ్యే వేరొకరి డొమైన్‌కు ఈమెయిల్ పోతే అది తిరిగిరాదు, పరాయివాడి పెట్టెలో పడుతుంది. మీరు చెప్పే జాడ అక్కడా ఉండదు.

ప్రతివాది: ఆ జారిన పేరును మీ రెగెక్స్ కూడా ఆపదు. దాన్ని పట్టేది ఆ చిరునామాకు పంపిన నిర్ధారణ ఈమెయిల్, దానిలోని లింకును నొక్కే మనిషి.

వాది: నిజమే. ఆ నిర్ధారణ వచ్చేదాకా ఆ పేరును నా వ్యవస్థలో ఎక్కడికీ పోనివ్వను. మీరు వద్దన్న ఆంక్షను గడి దగ్గర తీసేసి లోపల పెడతాను. తోసేసిన ప్రతి పేరునూ, తోసేసిన నియమంతో సహా రాసి ఉంచుతాను. అందులో తెలుగు పేర్లు కనిపిస్తే నియమాన్ని మార్చుకుంటాను. అంతకుమించి, ఏ నియమమూ లేని గడిని ఒప్పుకోలేను.

ప్రతివాది: రాసి ఉంచినదాన్ని చదివే బాధ్యత ఎవరిదో కూడా రాయండి. నియమం మారేదాకా తోసేసిన పేరుగల మనిషికి ఏం జవాబు చెబుతారన్నది మాత్రం మీరింకా చెప్పలేదు.